దగ్గరి మబ్బు

కొత్తగా రాడార్ డ్యూటీలో చేరిన పిల్లలు కొందరు ఈమధ్య గుణదలలో మా ఇంటికొచ్చి, "మబ్బుల ఎత్తు కొలవడంలో మీ అనుభవాలు చెప్పండి సార్" అన్నారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. రిటైరైనవాడికి అంతకంటే ఏం కావాలి? టీలు చల్లారిపోయేదాకా చెప్పాను. పాపం, మర్యాదస్తులు. మధ్యలో ఒక్కరూ ఫోన్ చూసుకోలేదు.

కానీ ఒకటి చెప్పకుండా దాటేశాను. అది మొదలుపెడితే ఏడుపొస్తుందని నాకు తెలుసు. పక్కగదిలో మా ఆవిడ ఉంది. ఆవిడకి వినపడేలా ఏడవడం నాకు అలవాటు లేదు. అందుకని రాస్తున్నాను, తీరిగ్గా చదువుకోండి.

మా రాడార్ సముద్రం ఒడ్డున ఉండేది. మేడ మీద తెల్లటి గుండ్రటి గుమ్మటం, దాని లోపల తిరిగే పళ్లెం. ఊళ్లోవాళ్లు దాన్ని బంతి మేడ అనేవారు. ఉప్పుగాలికి మా తలుపుల గొళ్లేలూ, సైకిళ్లూ, ఒక్కోసారి మా బుర్రలూ తుప్పు పట్టేవి. పని మాత్రం ముచ్చటైనది. పళ్లెం ఆకాశంలోకి తరంగాన్ని వదులుతుంది, అది మబ్బులోని నీటికీ మంచుకీ తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూస్తే దూరం తెలుస్తుంది, పళ్లెం ఎంత పైకి చూస్తోందో తెలుసు కాబట్టి ఎత్తు తెలుస్తుంది. స్కూల్లో కొబ్బరిచెట్టు ఎత్తు కట్టిన లెక్కే, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి చిన్న సవరణ. మబ్బు అడ్డంగా ఎంత పరుచుకుందన్నది వానకి, నిలువుగా ఎంత లేచిందన్నది పిడుగుకి గుర్తు. నిలువుగా లేచేదంటే మాకు భయం.

నాతో పనిచేసిన టెక్నీషియన్ ఒకడుండేవాడు. రాడార్‌కి దగ్గర్లోనే వాళ్ల ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఆవిడ వరి నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకి పెద్ద. ఇతని పాలిటెక్నిక్ చదువంతా ఆవిడ వంగిన నడుం మీదే నడిచింది. పాతికమంది చేసే పనికి వంద వంకలు పెట్టే మా ఆఫీసులో, వంక పెట్టకుండా పనిచేసేవాడు ఇతనొక్కడే. నాకు ఇష్టం. బయటికి మాత్రం చీటికీ మాటికీ విసుక్కునేవాణ్ణి, అది నా జబ్బు.

అక్కకి అతను ఫోన్లు చేస్తాడన్న సంగతి నాకు బెజవాడ ఆటోనగర్‌లో తెలిసింది. రాడార్ గది ఏసీ మోటారు కాలిపోయింది. పై ఆఫీసు నుంచి కొత్తది వచ్చేలోపు వానాకాలమే వెళ్లిపోతుందని, మోటారుని గోనెసంచిలో కట్టి ఇద్దరం బస్సెక్కి ఆటోనగర్ చేరాం. షెడ్డులో ఒక పెద్దవయసు ముస్లిం మెకానిక్. మోటారుని అటూ ఇటూ తిప్పి, "ఏం మిషన్‌దండీ ఇది?" అని అడిగాడు.

"మబ్బుల ఎత్తు కొలిచే మిషన్ ఉండే గదిది భాయ్" అన్నాను.

"మబ్బుల ఎత్తు కొలిచి ఏం చేస్తారండీ? వాటికేమన్నా చొక్కాలు కుట్టిస్తారా?"

నేను నవ్వి ఊరుకున్నాను. మావాడు మాత్రం సీరియస్‌గా, "మా అక్కకి చెప్తానండీ" అన్నాడు.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. వానాకాలపు సార్వా పంట నాట్ల రోజుల్లో మధ్యాహ్నం దాటాక మైలవరం కొండల వైపు మబ్బు లేస్తుంది. లేచి, బెజవాడ మీదుగా డెల్టాలోకి, ఆపైన సముద్రం మీదకి పోతుంది. అది మైలవరం మీద ఉండగానే ఇతను ఎత్తు చూసి ఫోన్ తీసేవాడు. మా హెచ్చరికలు వెళ్లే దారి వేరు. అవి ఆఫీసుల నుంచి ఆఫీసులకి వెళ్తాయి, అంటే స్లాబు కింద కూర్చున్నవాళ్లకి ముందు చేరతాయి. మోకాలి లోతు బురదలో వంగిన మనిషికి చేరాలంటే ఇలాంటి తమ్ముడొకడు ఉండాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాడు కాబట్టి నాకూ కాలక్షేపం.

"చెప్పరా తమ్ముడూ."

"అక్కా, మైలవరం మీద పన్నెండు దాటింది. బెజవాడ దాటితే మళ్లీ చేస్తా."

"పన్నెండేంట్రా, గంటలా?"

"కిలోమీటర్లక్కా. మబ్బు ఎత్తు."

"అంత ఎత్తునున్నదానికి కిందున్న మాతో ఏం పన్రా? ఇంకా రెండు మళ్లున్నయ్. రైతు మొహం మాడ్చుకుంటాడు."

"మాడ్చుకోనీ. గట్టెక్కి లాకు డాబాలోకి పొండి."

కాలవ లాకుల దగ్గర ఒక పాత డాబా ఉంది, ముఠాకి అదే గొడుగు. ఆవిడ తిడుతూనే అందర్నీ గట్టెక్కించేది. తను మాత్రం, మిగిలిన నారు కట్టలు నీళ్లకి కొట్టుకుపోకుండా సర్ది, ఆఖరున ఎక్కేది. ముఠాకి పెద్దన్నాక అది ఆనవాయితీ. బురదలోకి మొదట దిగాలి, చివర ఎక్కాలి.

ఒకసారి ఆవిడ మా ఆఫీసుకొచ్చింది. చెప్పులు గుమ్మం బయటే వదిలి లోపలికి వచ్చింది, వద్దన్నా వినలేదు. తెర మీద రంగులన్నీ చూసి, "మా చేను ఎక్కడుందిరా ఇందులో?" అంది. తమ్ముడు తెర నడిమధ్యన, రాడార్ గుర్తుకి ఆనుకునే ఉన్న చోటు చూపించాడు.

"ఇంత పక్కనేనా! అయితే మా మీద మబ్బు మీకు బాగా కనపడుద్ది."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. "లేదక్కా, దగ్గరిదే సరిగ్గా కనపడదు" అన్నాడు.

"అదేం మిషన్రా, మీ బావలాగా! ఊరందరి సంగతీ కనపడుద్ది, ఇంట్లోది కనపడదు" అని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. కొత్తవాళ్ల కోసం అది కాస్త విడమరిచి చెప్తాను. బస్తాల లారీ పక్కనే ఆనుకుని నిలబడితే పైన ఎన్ని వరసలున్నాయో కనపడదు, రోడ్డు అవతలికి వెళ్తే కనపడుతుంది. మా పళ్లెం తల పూర్తిగా పైకెత్తదు. ఎత్తుకుంటూ కూర్చుంటే ఆకాశమంతా చుట్టి రావడానికి టైము చాలదు. అందుకని దూరపు మబ్బుకి నెత్తి దాకా కనపడుతుంది, దగ్గరి మబ్బుకి పొట్ట మాత్రమే. తెర మీద దాని నెత్తి కత్తిపీటతో కోసినట్టు చదునుగా వస్తుంది. తెలియనివాళ్లు పొట్టి మబ్బనుకుంటారు.

ఇతనికి తెలుసు. అందుకే అక్క చేను మీదికి వచ్చాక కాదు, పడమట ఉండగానే పట్టుకునేవాడు. మబ్బులు కూడా చాలాకాలం ఆ దారి తప్పలేదు.

ఆ రోజు పడమర ఖాళీగా ఉంది. మైలవరం మీద చిన్న తునక కూడా లేదు, బెజవాడ మీద ఎండ. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సముద్రం గాలి తిరిగి లోపలికి వీస్తుంటే, మా పక్క ఊళ్ల మీదే, ఉన్నచోటే ఒకటి లేచింది. ఎక్కణ్ణుంచీ నడిచి రాలేదు. తెర మీద ఎత్తు చూస్తే ఆరు కిలోమీటర్లు, అంటే భయపడాల్సిన పనిలేదు. మావాడు మబ్బుని నిలువునా కోసినట్టు చూపించే బొమ్మ తీశాడు. నెత్తి చదునుగా ఉంది.

"సార్, ఇది ఆరు కాదు" అన్నాడు.

వరండాలోకి పరిగెత్తాడు. వెనకే నేనూ వెళ్లాను. ఇన్నేళ్ల సర్వీసులో మబ్బు ఎత్తుని మిషన్ వదిలేసి కళ్లతో కొలిచింది ఆ రోజే. తల వెనక్కి వాల్చినా దాని పైభాగం అందలేదు. అప్పుడే మొదటి ఉరుము ఉరిమింది. అతను అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం స్విచాఫ్ చేయబడి ఉంది."

ముఠాలో ఇంకొకావిడకి చేశాడు. అదే మాట. మూడో ఆవిడ ఫోనూ అంతే. అంతమందివీ ఒకేసారి ఎందుకు ఆగిపోయాయో నాకు అర్థం కాలేదు, టవర్ పోయిందేమో అన్నాను. అతను నా మాట వినిపించుకోలేదు. మొహం పాలిపోయింది. "నేను వెళ్తున్నా సార్" అని బండి తీశాడు. నేను లోపలికి వచ్చి అతని కుర్చీలో కూర్చుని హెచ్చరిక తయారుచేసి పంపించాను. అది అన్ని ఆఫీసులకీ చేరింది. చేరినట్టు జవాబులు కూడా వచ్చాయి.

అతను కాలవ వంతెన దాటుతుండగా పిడుగు పడిందట. ముఠా అంతా అప్పటికే గట్టెక్కి డాబా వైపు నడుస్తున్నారు. ఉరుము విని అక్కే అందర్నీ పొమ్మంది. తను నారు కట్టలు సర్దుతోంది.

మర్నాడు నేను వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి ముందు పందిరి వేశారు. ముఠా ఆడవాళ్లు గోడ వారన కూర్చుని ఉన్నారు. పక్కింటావిడ, ముఠాలో అక్క తర్వాత పెద్ద, తమ్ముణ్ణి పట్టుకుని ఏడుస్తూ అంది:

"నువ్వు చెప్పినట్టే చేసింది తమ్ముడూ. ఉరిమిందంటే ముందు ఫోనే ఆపేది. మా అందరి చేతా ఆపించేది. మా తమ్ముడు చెప్పాడే, ఆపండే అని వెంటపడేది. అయినా వదల్లేదు చూశావా, పిడుగు."

ఆవిడ నిందించలేదు. ఓదార్చడానికే అంది, మీ అక్క నీ మాట జవదాటలేదు సుమా అని. అతను మాత్రం ఆవిడ చేతులు విడిపించుకుని పందిరి బయటికి వెళ్లిపోయాడు.

అసలు సంగతి నన్ను బస్సెక్కించడానికి వస్తూ దారిలో చెప్పాడు. అంతకుముందు ఎండాకాలంలో వాళ్ల ఊళ్లో పిడుగుల గురించి మీటింగు పెట్టారు. నేను పనిమీద బెజవాడలో ఉండి, ఊరివాడే కదా అని అతన్ని పంపించాను. వేదిక మీద ఊరి పెద్దలున్నారు. అక్క ముందువరసలో కూర్చుంది. చెట్టు కిందికి పోవద్దనీ, డాబాలోకి పొమ్మనీ అంతా బాగానే చెప్పాడు. చివర్లో ఎవరో, "సెల్‌ఫోన్ ఉంటే పిడుగుని లాగుద్దంటగా?" అని అడిగారు. ఇతను నోరు తెరిచేలోపు వేదిక మీది పెద్దాయన ఒకాయన, "అవునవును, ఉరిమితే ముందు ఫోన్లు ఆపేయాలి. చెప్పవయ్యా" అన్నాడు.

"నాకు తెలుసు సార్, సెల్‌ఫోన్‌కి పిడుగు రాదని. పెద్దాయన నలుగుర్లో అన్నాక కాదంటే ఆయనకి బాగోదు కదా సార్. ఆపితే పోయేదేముందిలే అనుకున్నాను. 'అలాగేనండీ, ఉరిమితే ఆపేయండి' అన్నాను."

మన వైపు ఇది మామూలే. నలుగురిలో పెద్దవాళ్ల మాట కాదనం, "అలాగేనండీ" అనేస్తాం. నేనూ సర్వీసంతా అలాగేనండీ అనుకుంటూనే ప్రమోషన్లు తెచ్చుకున్నాను. పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, ఆఫీసుల్లో ఆ మాట వల్ల ఎన్ని తగాదాలు తప్పాయో లెక్కలేదు. అక్కడ మాత్రం ఒక ఆడమనిషి ఆ మాటని నమ్మింది. తమ్ముడు రాడార్‌లో ఇంజనీరని ఊరంతా చెప్పుకునే మనిషి నమ్మకుండా ఎలా ఉంటుంది?

నేను ఓదార్చబోయాను. ఫోన్ మోగినా ఆవిడ కట్టలు సర్దకుండా వచ్చేదా అన్నాను. తెర మీద ముందే కనపడని మబ్బుకి నువ్వేం చేస్తావన్నాను. లెక్కప్రకారం అన్నీ నిజాలే. అతను అన్నిటికీ తలూపాడు. చివరికి, "నేను పిలిస్తే వచ్చేది సార్. తిట్టుకుంటూనైనా వచ్చేది" అన్నాడు.

ఆ తర్వాత మేం వెళ్లిన ప్రతి మీటింగులో నేను మైకు పట్టుకుని, ఉరిమినా సెల్‌ఫోన్లు ఆపొద్దు, వాటి మీదకి పిడుగు రాదు, ఆపితే మా కబురు మీకు చేరదు అని చెప్పేవాణ్ణి. జనం బుద్ధిగా తలలూపేవారు. ఉరమగానే ఆపేసేవారు. ఇప్పటికీ మా అపార్ట్‌మెంట్‌లో ఉరిమితే కింది ఫ్లాటాయన మెట్ల దగ్గర నిలబడి, "మాస్టారూ, ఫోన్ ఆపేశారా?" అని కేకేస్తాడు. సర్వీసంతా మబ్బులు కొలిచినవాణ్ణని తెలిసి కూడా నాకే చెప్తాడు.

మావాడు పనిలోకి తిరిగొచ్చాడు. పనిలో తేడా లేదు, మనిషిలోనే తేడా. పడమట మబ్బు లేస్తే ఎత్తు చూసేవాడు, రాసేవాడు, కాగితం నా ముందు పెట్టి వరండాలోకి వెళ్లిపోయేవాడు. ఫోన్ బల్ల మీదే ఉండేది. "ముఠాలో ఇంకెవరికైనా చెయ్యొచ్చుగా" అని ఒకసారి అన్నాను. "ఏ మొహం పెట్టుకుని చెయ్యను సార్?" అన్నాడు. వేరే చోటికి బదిలీ అడుగుతూ కాగితం కూడా పెట్టుకున్నాడు. దగ్గరి ఊళ్లు కనపడని చోటికి పోవాలని ఉందన్నాడు. రాడార్ ఉన్నచోటల్లా దగ్గరి ఊళ్లుంటాయి. ఆ మాట నేను పైకి అనలేదు.

మళ్లీ సార్వా వచ్చింది, నాట్లు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం మైలవరం మీద లేచిన మబ్బు చూస్తుండగానే బెజవాడ దాటింది. అతను ఎత్తు రాసి లేవబోతుండగా బల్ల మీద ఫోన్ మోగింది. దాని తెర మీద "అక్క" అని పడింది.

పేరు తీసేయడానికి అతనికి చేతులు రాలేదు. నేను హేతువాదిననే అనుకుంటూ ఉంటాను, అయినా ఒళ్లు జలదరించింది. అతను ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయాడు. "తియ్యి" అన్నాను. కదల్లేదు. నేనే స్పీకర్ నొక్కి అతని చేతికిచ్చాను.

"తమ్ముడూ, నేను, మీ అక్క పక్కింటిదాన్ని. ఈ ఫోన్ మీ బావ మా ముఠాకే ఇచ్చేశాడు, కవర్లో చుట్టి మొలకి కట్టుకుంటున్నా. పడమటేపు నల్లబడింది. నువ్వేమో ఈ యేడు ఒక్కసారన్నా చెయ్యకపోతివి. ఎంత ఎత్తుందేంటి?"

అతను బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కుని అంకె చూశాడు. "పద్నాలుగు దాటిందక్కా. గట్టెక్కండి. లాకు డాబాలోకి పొండి."

"సరే. మరి ఫోన్ ఆపమంటావా?"

అతను కళ్లు మూసుకున్నాడు.

"ఆపొద్దక్కా. ఉరిమినా ఆపొద్దు. దానికీ దీనికీ సంబంధం లేదు. నేను ఆ రోజు మీటింగులో తప్పు చెప్పాను."

ఆ మాటకి అర్థం ఆవిడకి తెలిసిందని నాకు అనిపించింది. "సర్లే తమ్ముడూ. ఆపను" అంది, అంతే. ఫోన్ పెట్టకుండానే మిగతావాళ్లని కేకేసింది. నీళ్లలో అడుగుల చప్పుడు, ఎవరో ఎవర్నో తొందరపెట్టడం, గాజుల చప్పుడు, అన్నీ మా బల్ల మీదకి వినపడుతున్నాయి.

"అందరూ ఎక్కారా?" అన్నాడు.

"ఎక్కారు తమ్ముడూ. నేనొక్కదాన్నే, కట్టలు సర్దుతున్నా."

"కట్టలొదిలెయ్!" అని అరిచాడు. అతను గొంతు పెంచడం నేను అంతకుముందు వినలేదు. "పోతే పోనీ అక్కా, కొట్టుకుపోనీ. నువ్వెక్కు. నువ్వు డాబాలోకి పొయ్యేదాకా నేను ఫోన్ పెట్టను."

"అబ్బ, ఎక్కుతున్నాలే. ప్రాణం తీస్తావు."

ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మొదటి ఉరుము ఆ ఫోన్‌లోంచే వినపడింది. లైను తెగలేదు.